సిస్టమ్ అసెంబుల్ చేసుకోవాలా, బ్రాండెడ్ కొనాలా: కొటేషన్ కాగితం నుంచి మొదటి బూట్ దాకా

మా అక్క కూతురికి ఖమ్మంలో బీటెక్ సీటు వచ్చింది. ఇంటి నుంచే కాలేజీకి వెళ్లి వస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ బదులు డెస్క్‌టాప్ తీసుకుందామనుకున్నారు. వెంటనే నాకు ఫోన్ చేసింది. "మామయ్యా, బ్రాండెడ్ కొనమంటావా, అసెంబుల్ చేయించుకోమంటావా?"

ఈ ప్రశ్న వచ్చిన ప్రతి ఇంట్లోనూ మాట ధర దగ్గరే మొదలవుతుంది. అదెంత, ఇదెంత, తేడా ఎంత అని. నేను మాత్రం రెండు తెల్లకాగితాలు తీసుకోమన్నాను. ఒకదాని మీద బ్రాండెడ్ సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో, ఇంకోదాని మీద అసెంబుల్డ్ కొటేషన్‌లో ఏమేం ఉన్నాయో వరుసగా రాసి, ఏ వరుస ఖాళీగా మిగిలిందో చూడమన్నాను. మన డబ్బు పోయేది ఆ ఖాళీ వరుసల దగ్గరే. మీరూ అలాగే మొదలుపెట్టండి.

మొదట మీ పని రాసుకోండి

కాగితం పైన ఒక్క వాక్యంలో సిస్టమ్ ఎందుకో రాయండి. ట్యాలీ, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులు, తెలుగు టైపింగ్, పిల్లల ప్రాజెక్టులు, ఇంతే అయితే గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు. ఈ పనులకు నా సలహా సూటిగా చెబుతాను, బ్రాండెడ్ కొనండి. చాలా మోడళ్లలో లైసెన్స్ ఉన్న విండోస్ దాంతోనే వస్తుంది. ఆన్‌సైట్ వారంటీ ఉన్న మోడల్ తీసుకుంటే పాడైనప్పుడు మనిషి ఇంటికే వస్తాడు. గ్రాఫిక్స్ కార్డ్ లేని చిన్న సిస్టమ్‌ను అసెంబుల్ చేసి మిగుల్చుకునేది పెద్దగా ఉండదు. కొన్నాక ర్యామ్ ఒక్క స్టిక్కే ఉందేమో చూసుకోండి. చాలా బ్రాండెడ్ సిస్టమ్‌లలో 8 జీబీ స్టిక్ ఒకటే పెడతారు. అదే స్పీడుది ఇంకోటి పక్కన పెడితే రెండూ కలిసి డ్యుయల్ చానల్‌లో, అంటే ఒకేసారి రెండు దారుల్లో, పనిచేస్తాయి, తేడా తెలుస్తుంది.

వీడియో ఎడిటింగ్, త్రీడీ, మెషీన్ లెర్నింగ్, గేమ్స్ అయితే లెక్క మారుతుంది. ఇక్కడ అసెంబుల్ చేసుకోవడమే మేలు. చాలా బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డ్ (భాగాలన్నీ బిగించే పెద్ద బోర్డు), ఎస్‌ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు అందించే పెట్టె) ఆ కంపెనీ సొంత కొలతలతో ఉంటాయి. రెండేళ్ల తర్వాత పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ పెడదామంటే ఎస్‌ఎంపీఎస్ చాలదు. బయట దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెడదామంటే కనెక్టర్ కలవదు.

అయితే ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. అసెంబుల్డ్‌లో వారంటీ భాగం భాగానికీ వేరు. ప్రాసెసర్‌కు సాధారణంగా 3 ఏళ్లు, మదర్‌బోర్డ్‌కు 3 ఏళ్లు, ఎస్‌ఎస్‌డీకి మోడల్‌ను బట్టి 3 లేదా 5 ఏళ్లు. కానీ పాడైన భాగం ఏదో కనిపెట్టి, ఊడదీసి, సర్వీస్ సెంటర్‌కు చేర్చే బాధ్యత మీదే. ఖమ్మం నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. ఒక్క ర్యామ్ స్టిక్ కోసం రెండు రోజులు పోతాయి. ఇంట్లో ఆ పని చూసుకునేవాళ్లు ఎవరూ లేకపోతే గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న బ్రాండెడ్ కొనుక్కోవడమే తెలివైన పని. మా అమ్మాయి (అక్క కూతురే) ఆ పని తానే చేస్తానంది, అందుకే అసెంబుల్డ్ అన్నాను.

ఖాళీ వరుసలు ఎక్కడుంటాయి

కాగితం మీద పది వరుసలు వేయండి: ప్రాసెసర్, మదర్‌బోర్డ్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డ్, ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్, కేబినెట్, విండోస్, వారంటీకి ఎవరు వస్తారు. ఒక్కో దాని ఎదురుగా కంపెనీ, మోడల్ నంబరు ఉండాలి.

బ్రాండెడ్ కాగితంలో సాధారణంగా మదర్‌బోర్డ్, ఎస్‌ఎంపీఎస్ వరుసలు ఖాళీగా ఉంటాయి. అసెంబుల్డ్ కొటేషన్‌లో ఖాళీలు వేరే చోట. '512 ఎస్‌ఎస్‌డీ' అని ఉంటుంది, మోడల్ ఉండదు. '450 వాట్ ఎస్‌ఎంపీఎస్' అని ఉంటుంది, కంపెనీ పేరు ఉండదు. విండోస్ వరుసే ఉండదు, 'వేసిస్తాం సార్' అంటారు. అంటే లైసెన్స్ లేనిదన్నమాట. ఆ దొంగ కాపీతో పాటు ఏమేం లోపలికి వస్తాయో ఎవరికీ తెలియదు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు కొట్టే సిస్టమ్‌లో అది వద్దు. లైసెన్స్ ధర కలిపి లెక్క వేయండి, లేదా ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి ఉచితంగా వేసుకోండి. వాటిలోనూ తెలుగు కీబోర్డ్ ఉంటుంది. విండోస్ కలిపాక రెండు కాగితాల మధ్య తేడా చాలాసార్లు బాగా తగ్గుతుంది.

ప్రాసెసర్ వరుసలో చివరి అక్షరం చూడండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే దానిలో డిస్‌ప్లే ఇచ్చే గ్రాఫిక్స్ లేనట్టే. ఏఎండీలో రైజెన్ 5 5600కు డిస్‌ప్లే లేదు, 5600జీకి ఉంది. 7600కు మామూలు అవసరాలకు సరిపడా ఉంది. కార్డ్ పాడై సర్వీసుకు వెళ్లినా సిస్టమ్ ఆగకూడదనుకుంటే డిస్‌ప్లే ఉన్న ప్రాసెసర్ తీసుకోండి.

ఒకదానికొకటి సరిపడేవా కాదా అన్నది కూడా కాగితం మీదే తేల్చుకోవాలి. సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, డీడీఆర్4, డీడీఆర్5 అంటే ర్యామ్ తరాలు. 7600 లాంటి ఏఎండీ ప్రాసెసర్లకు వాడే ఏఎం5 సాకెట్ బోర్డుల్లో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది. ఇంటెల్ 12, 13, 14వ తరాల ప్రాసెసర్లకు వాడే ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి, ఏదో ఒకటే పడుతుంది. కేబినెట్ స్పెసిఫికేషన్‌లో గ్రాఫిక్స్ కార్డ్ ఎంత పొడవు వరకు పడుతుందో, కూలర్ ఎంత ఎత్తు వరకు పడుతుందో మిల్లీమీటర్లలో ఇస్తారు. ఈ రెండు అంకెలూ చూడకుండా కొని, కార్డ్ పట్టక కేబినెట్ మార్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

ర్యామ్ ధర మాత్రం పాత కొటేషన్ చూసి రాసుకోకండి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా లాగేసుకోవడంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. 2025 డిసెంబరులో మెమరీ తయారుచేసే మైక్రాన్ కంపెనీ మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటి రోజుల్లో పాత స్టాకు బ్రాండెడ్ సిస్టమ్ ఒక్కోసారి విడిభాగాలకంటే చవకగా దొరుకుతుంది. అందుకే రెండు కాగితాలనూ ఒకే రోజు నింపండి.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర కక్కుర్తి వద్దు

కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌తో నేను ఒకసారి సిస్టమ్ కట్టాను. మే నెల సాయంత్రం, ఈదురుగాలి. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది, మూడోసారి వచ్చినప్పుడు టప్‌మని చప్పుడైంది. గదంతా కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోతే బాధపడేవాణ్ని కాదు. తనతో పాటు మదర్‌బోర్డ్‌నూ హార్డ్ డిస్క్‌నూ తీసుకుపోయింది. ఆ డిస్క్‌లో మా నాన్న షష్టిపూర్తి ఫొటోలున్నాయి, ఇంకెక్కడా లేవు. అప్పటి నుంచి ఎవరి కొటేషన్ చూసినా నా వేలు మొదట ఈ వరుస మీదికే పోతుంది.

రైజెన్ 5 7600 లాంటి 65 వాట్ల ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 లాంటి 115 వాట్ల కార్డ్ ఉన్న సిస్టమ్‌కు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలు. డబ్బు వాట్లు పెంచడానికి కాదు, నాణ్యతకు పెట్టండి. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది), పేరున్న కంపెనీ, కనీసం 5 ఏళ్ల వారంటీ, ఈ మూడూ చూడండి. కంపెనీ 5 ఏళ్ల వారంటీ రాసిచ్చిందంటే లోపలి కెపాసిటర్ల మీద దానికి నమ్మకం ఉన్నట్టే.

దీంతో పాటే గోడ సాకెట్ సంగతి. సిస్టమ్ ఆన్‌లో ఉండగా కేబినెట్ ఇనుము ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని నాయిస్‌ను భూమిలోకి దింపే చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ తీగ లేకపోతే దిగే దారి లేక, 230 వోల్టుల్లో దాదాపు సగం కేబినెట్ మీదే నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది కానీ, ఎస్‌ఎంపీఎస్ లోపల ఏదైనా తెగి ఫేజ్ తగిలిందంటే అడ్డుకునేది ఏమీ ఉండదు. పల్లెల్లో, పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక తీగ ఉండదు. సిస్టమ్ కొనే బడ్జెట్‌లోనే ఎలక్ట్రీషియన్ కూలీ, ఎర్త్ గుంత ఖర్చు కలుపుకోండి.

యూపీఎస్‌కు వస్తే, దుకాణాల్లో ఎక్కువగా ఇచ్చే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డ్ లేని సిస్టమ్‌కు అది బాగా సరిపోతుంది. కార్డ్ ఉంటే 1000 వీఏ చూడండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అనుకుంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అందులో పెట్టండి. కరెంటు పోయాక ఎస్‌ఎంపీఎస్ సిస్టమ్‌ను నిలబెట్టగలిగేది సెకనులో 60వ వంతు అటూ ఇటూ మాత్రమే. ఇన్వర్టర్ ఆలోపు అందుకోకపోతే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

కొనడానికి వెళ్లినప్పుడు

హైదరాబాద్ చుట్టుపక్కలవాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది, అందరూ సీటీసీ అంటారు. చెన్నైవాళ్లకు రిచీ స్ట్రీట్, బెంగళూరువాళ్లకు ఎస్‌పీ రోడ్. రద్దీ లేని రోజు పొద్దున్నే వెళ్లండి. మీ పది వరుసల కాగితం ఇచ్చి కనీసం మూడు దుకాణాల్లో అదే మోడల్ నంబర్లకు ధర రాయించుకోండి. 'ఇది స్టాక్ లేదు, దీనికన్నా మంచిది ఉంది' అన్నప్పుడు ఫోన్‌లో ఆ మోడల్ చూడందే సరే అనకండి. కొటేషన్ మీద జీఎస్‌టీ కలిపారో లేదో అడగండి. 18 శాతం తర్వాత కలిపితే మొత్తం లెక్క తలకిందులవుతుంది. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. సీరియల్ నంబర్లున్న బిల్లే రేపు మీ వారంటీ.

దుకాణంలోనే అసెంబుల్ చేయిస్తే పక్కన కూర్చోండి. ఒకసారి నేను టీకి వెళ్లి వచ్చేలోపు బిల్లులో ఉన్న ఎస్‌ఎస్‌డీకి బదులు అదే కంపెనీ తక్కువ మోడల్ బిగించేశారు. ఇంటికొచ్చి చూసుకుంటే తెలిసింది. మార్చడానికి మూడుసార్లు తిప్పారు. సీల్ పెట్టె మీ ముందే తెరవాలి, ఖాళీ పెట్టెలన్నీ మీతో ఇంటికి రావాలి.

ఇంట్లో బిగించడం

మా అమ్మాయికి ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది, నేను పక్కన కూర్చున్నానంతే. కావలసిందల్లా కొనకు అయస్కాంతం ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్, మంచి వెలుతురు, స్క్రూలు వేసుకోవడానికి చిన్న గిన్నె. మొదలుపెట్టే ముందూ మధ్యమధ్యలోనూ కేబినెట్ ఇనుము ముట్టుకుంటూ ఉండండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది.

మదర్‌బోర్డ్‌ను దాని అట్టపెట్టె మీదే పెట్టుకోండి. కేబినెట్‌లోకి ఇప్పుడే వద్దు.

ముందు ప్రాసెసర్. సాకెట్ పక్కనున్న లివర్‌ను కిందికి నొక్కి పక్కకు జరిపి పైకెత్తి, సాకెట్ మీది ఇనుప ఫ్రేమ్ తెరవండి. ప్రాసెసర్ మూలన చిన్న బంగారు త్రికోణం ఉంటుంది, సాకెట్ మూలన కూడా అలాంటి గుర్తే ఉంటుంది. రెండూ ఒకే వైపు ఉండేలా, అంచులు పట్టుకుని నిలువుగా దించండి. నొక్కకూడదు, దానంతట అదే కూర్చుంటుంది. ఏఎం5లోనూ ఇప్పటి ఇంటెల్‌లోనూ పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, సాకెట్‌లో ఉంటాయి. వెంట్రుకంత సన్నం, ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే. తర్వాత ఆ ఇనుప ఫ్రేమ్ మూసి లివర్ దించాలి. ఇక్కడే అందరికీ భయం వేస్తుంది. లివర్ గట్టిగా ఉంటుంది, కిర్రుమంటుంది, పైనున్న నల్ల ప్లాస్టిక్ మూత టక్‌మని ఎగిరి బయటికి వస్తుంది. మా అమ్మాయి బొటనవేలు సగంలో ఆగిపోయింది. "మామయ్యా, విరుగుతోందేమో!" ప్రాసెసర్ సరిగ్గా కూర్చుందని ముందే చూసుకుంటే ఆ చప్పుడు మామూలే, ధైర్యంగా దించేయండి. ఎగిరొచ్చిన ప్లాస్టిక్ మూత పారేయకండి, బోర్డును వారంటీకి పంపేటప్పుడు సాకెట్ మీద అది ఉండాలంటారు.

ర్యామ్ రెండు స్టిక్‌లై, బోర్డులో నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టండి. టక్‌మనే దాకా నొక్కండి. ఎం.2 ఎస్‌ఎస్‌డీని (బోర్డు మీదే బిగించే సన్నటి రకం) ఏటవాలుగా దూర్చి, కిందికి వంచి, స్క్రూ బిగించండి. బోర్డు మీద వేడి లాగే హీట్‌సింక్ రేకు ఉంటే దాని అడుగునున్న ప్లాస్టిక్ పొర ఒలవడం మర్చిపోకండి.

ప్రాసెసర్‌తో వచ్చిన కూలర్‌కు పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే ముద్ద) పూసే ఉంటుంది, వేరే పూయక్కర్లేదు. విడిగా కొన్నదైతే శనగగింజంత చాలు. స్క్రూలను ఒకేసారి బిగించకుండా ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొంచెం కొంచెంగా తిప్పండి. ఫ్యాన్ తీగను సీపీయూ ఫ్యాన్ అని రాసున్న పిన్నులకే పెట్టండి.

ఇప్పుడు, కేబినెట్‌లో పెట్టకముందే, ఒకసారి ఆన్ చేసి చూడాలి. ఈ మెట్టు చాలామంది దాటేస్తారు, దయచేసి దాటకండి. ఎస్‌ఎంపీఎస్ నుంచి 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్ దగ్గర 8 పిన్నుల కేబుల్ పెట్టి, మానిటర్‌ను బోర్డుకే కలిపి, పవర్ స్విచ్ అని రాసున్న రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకించండి. ఎఫ్ రకం ప్రాసెసర్ అయితే గ్రాఫిక్స్ కార్డ్ పెట్టి చూడాలి. ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. డీడీఆర్5 అయితే ఇక్కడ ఓపిక పట్టాలి. మొదటిసారి బోర్డు ర్యామ్‌ను పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. రెండు నిమిషాలకే పాడైందనుకుని ఆపేసి, మళ్లీ ఆన్ చేసి, మళ్లీ ఆపేసేవాళ్లు ఎందరో. పది నిమిషాలు వదిలేయండి. మా అమ్మాయి గోడ గడియారం వైపే చూస్తూ కూర్చుంది, నాలుగో నిమిషంలో తెర వెలిగింది.

వెలిగాక అన్నీ ఆపి, కేబినెట్‌లోకి ఎక్కించండి. బోర్డు రంధ్రాలకు ఎదురుగా మాత్రమే ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును కేబినెట్ రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాళ్లు) ఉండాలి. రంధ్రం లేని చోట ఒకటి మిగిలిపోయినా బోర్డు అడుగున తగిలి షార్ట్ అవుతుంది. ముందు ప్యానెల్ తీగలు, అంటే పవర్ స్విచ్, రీసెట్, లైట్లు, ఎక్కడ పెట్టాలో బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. స్విచ్‌లకు తిరగబడినా పరవాలేదు, లైట్లకు మాత్రం ప్లస్, మైనస్ చూడాలి. గ్రాఫిక్స్ కార్డ్ ఆఖరున, ప్రాసెసర్‌కు దగ్గరున్న పొడవాటి స్లాట్‌లో. మానిటర్ కేబుల్‌ను ఇప్పుడు బోర్డు నుంచి తీసి కార్డ్‌కు పెట్టండి. అది బోర్డుకే ఉండిపోతే కొన్న కార్డ్ పనిచేయక కూర్చుంటుంది. వెనక ఖాళీ స్లాట్ల రేకులు తీసేయకండి. ఆ సందుల్లోంచి బల్లి దూరి బోర్డు మీద చచ్చిన సిస్టమ్‌లు మన ఊళ్లలో కొత్తేం కాదు.

ఆన్ అయ్యాక

బయాస్‌లోకి, అంటే విండోస్‌కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలోకి వెళ్లి, ర్యామ్‌ను దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్‌ను (ఏఎండీలో ఎక్స్‌పో, ఇంటెల్‌లో ఎక్స్‌ఎంపీ) ఆన్ చేయండి. లేకపోతే 6000 స్పీడు అని డబ్బిచ్చి కొన్న ర్యామ్ అంతకంటే చాలా తక్కువలో నడుస్తుంది. విండోస్ 11 కోసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ముందే సిద్ధం చేసుకోండి. అందులోనే మీ బోర్డు నెట్‌వర్క్ డ్రైవర్ కూడా కాపీ చేసుకోండి. ఇన్‌స్టాల్ మధ్యలో ఇంటర్నెట్ అడుగుతుంది, డ్రైవర్ లేక అక్కడే ఆగిపోతారు. అయ్యాక ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ మార్పించాల్సిందే. దుకాణం వాళ్లు వెంటనే మార్చి ఇచ్చేది మొదటి కొద్ది రోజుల్లోనే.

అసలు ఆన్ కాకపోతే కంగారు వద్దు. ఎస్‌ఎంపీఎస్ వెనకనున్న స్విచ్, ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల కేబుల్, ఆ తర్వాత ర్యామ్, ఈ వరుసలో చూడండి. ర్యామ్ ఒక్క స్టిక్ మాత్రమే పెట్టి చూడండి, తర్వాత రెండోది. చాలా బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది వెలిగి ఆగిపోయిందో లోపం అటువైపే.

అన్నీ సరిగ్గా నడిచాక ఆ పది వరుసల కాగితాన్ని మళ్లీ తీయండి. ప్రతి భాగం ఎదురుగా సీరియల్ నంబరు, కొన్న తేదీ, వారంటీ ముగిసే నెల రాసి, బిల్లు ఫొటో తీసి పెట్టుకోండి. కాగితాన్ని కేబినెట్ పక్క తలుపుకు లోపలివైపు, ఫ్యాన్‌కు తగలని చోట టేపుతో అతికించండి. మా అమ్మాయి ఆ కాగితం అడుగున నా ఫోన్ నంబరు కూడా రాసుకుంది.